గాయం అంచున మాస్ట్ సెల్స్: గుంటూరు ల్యాబ్ నుంచి ప్రాజెక్టు డైరీ

జనవరి

ఎథిక్స్ కమిటీ కాగితం చేతికొచ్చింది, ఇక మొదలుపెట్టడమే. ప్రాజెక్టు ఏంటంటే, కాలిన గాయాల నుంచీ షుగర్ పేషెంట్ల మానని పుండ్ల నుంచీ ఆపరేషన్లలో తీసిన చర్మం ముక్కలు మా పాథాలజీలో పారాఫిన్ బ్లాకులుగా ఉన్నాయి. వాటిలో మాస్ట్ సెల్స్ (ఎలర్జీలో హిస్టమిన్ వదిలే రోగనిరోధక కణాలు) ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి ఎంజైమ్‌లు ఇంకా కణంలోనే ఉన్నాయా, లేక బయటపడి చుట్టుపక్కల కణజాలం మీద పని మొదలుపెట్టాయా అనేది చూడాలి. బ్లాకులకైతే కొదవ లేదు. పల్నాడు వైపు నుంచి, బాపట్ల వైపు నుంచి పెద్ద కేసులు చాలావరకు గుంటూరుకే చేరతాయి.

ఇంట్లో అడిగితే "ఎలర్జీ మీద" అని చెప్పి తప్పించుకుంటున్నా. మాస్ట్ సెల్ అనగానే డాక్టర్లకి కూడా ముందు గుర్తొచ్చేది హిస్టమిన్, దద్దుర్లు, సెట్రిజిన్ మాత్ర, అంతే. హిస్టమిన్ కథ నిమిషాల్లో అయిపోతుంది. అది చిన్న అణువు, విడుదలవగానే పలచబడి, విరిగిపోయి మాయమవుతుంది. మాస్ట్ సెల్ సరుకు దాచుకునే గుళికల్లో, అంటే గ్రాన్యూల్స్‌లో, ఉండే ప్రోటీన్‌లో సింహభాగం మాత్రం ఎంజైమ్‌లది: ట్రిప్టేజ్, కైమేజ్, కార్బాక్సీపెప్టిడేజ్ ఎ3. ఇవి అక్కడే ఉండే హెపారిన్ అనే పొడవాటి చక్కెర గొలుసుని అంటిపెట్టుకుని ఉంటాయి, బయటికొచ్చాక కూడా ఆ పట్టు అంత తేలిగ్గా వదలదు, కాబట్టి పడ్డచోటే ఉండి దొరికిన ప్రోటీన్లని కోస్తూ ఉంటాయి. నాకు కావలసింది ఈ రెండో కథ.

చర్మాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఊపిరితిత్తుల్లో, పేగు లోపలి పొరలో ఉండే మాస్ట్ సెల్స్‌లో ఎక్కువగా ట్రిప్టేజ్ ఒక్కటే ఉంటుంది, చర్మంలో ఉండేవాటిలో దాంతో పాటు కైమేజ్ కూడా ఉంటుంది. రెండు ఎంజైమ్‌లూ ఒకేచోట దొరుకుతాయి, పైగా దెబ్బలు తినేది కూడా చర్మమే.

ఫిబ్రవరి మొదట్లో

టొలుయిడిన్ బ్లూతో మొదలుపెట్టాం. చవక, పాతది, నమ్మకమైనది. 1 గ్రాము రంగుని 100 మి.లీ. 70% ఆల్కహాల్‌లో కరిగించి స్టాక్ పెట్టుకోవాలి, వాడే రోజున అందులోంచి 5 మి.లీ. తీసి 45 మి.లీ. ఉప్పునీళ్లలో (1%, పీహెచ్ 2.3 దాకా దించినవి) కలపాలి. ఉప్పునీళ్లు ఏ రోజుకారోజు చేసుకోవాల్సిందే. స్లైడు అందులో రెండు మూడు నిమిషాలు ఉంటే చాలు. పీహెచ్ ఎందుకంత కిందికి దించాలంటే, అంత పులుపులో కూడా నెగటివ్ చార్జి పోగొట్టుకోనివి హెపారిన్ మీది సల్ఫేట్ గుంపులు. రంగు అణువులు వాటి మీద ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని కూర్చుంటాయి, అలా ఇరుక్కున్నప్పుడు నీలం కాస్తా ఊదాగా మారుతుంది. మిగతా కణజాలం నీలంగానే ఉంటుంది. 1878లో లైప్‌జిగ్‌లో పాల్ ఎర్లిక్ తన డాక్టరేట్ థీసిస్‌లో ఈ కణాల్ని పట్టుకుంది కూడా అనిలిన్ రంగులతో, ఇలా రంగు మారడం చూసే.

ఇబ్బందల్లా ఆ తర్వాత ఆల్కహాల్ దగ్గర. మా సీనియర్ టెక్నీషియన్‌ని డిపార్ట్‌మెంటంతా బాబాయ్ గారనే పిలుస్తుంది, ఆయన పక్కనే నిలబడి చూస్తూ, "అమ్మాయ్, ఆల్కహాల్‌లో పెట్టేసి ఫోన్ చూస్తూ కూర్చోకు, ముంచి తీసెయ్. ఊదా అంతా అదే తాగేస్తుంది" అన్నారు. నిజమే. 95%లో పది ముంచులు, ప్యూర్ ఆల్కహాల్‌లో పది ముంచులు, వెంటనే జైలీన్, డీపీఎక్స్ జిగురుతో కవర్‌స్లిప్. కాస్త ఆలస్యమైతే స్లైడు మొత్తం ఒకే నీలం.

మొదటి మంచి స్లైడు మామూలు చర్మానిది. కింద నీలి రంగు కొలాజెన్ పోగులు, వాటి మధ్య చిన్న రక్తనాళాల్ని ఆనుకుని, చెమట గ్రంథుల చుట్టూ, నరాల పక్కన వంగపండు రంగు కణాలు. 100 ఎక్స్ ఆయిల్ కింద పెడితే గ్రాన్యూల్స్ ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే కొన్నింటిలో న్యూక్లియస్ కూడా సరిగ్గా కనపడదు.

పాజిటివ్ కంట్రోల్‌గా ఏం పెట్టాలా అని ఆలోచిస్తుంటే గైడ్ మేడమ్ న్యూరోఫైబ్రోమా బ్లాక్ తీయించారు. ఆ గడ్డలో మాస్ట్ సెల్స్ దండిగా ఉంటాయి, స్టెయిన్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే మంచిది లేదు. ప్రతి బ్యాచ్‌లో అదొక స్లైడు.

లెడర్ స్టెయిన్ (క్లోరోఎసిటేట్ ఎస్టరేజ్) కూడా ప్రయత్నించాం, చూడటానికి బాగుంటుంది, మాస్ట్ సెల్స్ ఎర్రగా మెరుస్తాయి. కాకపోతే న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) కూడా ఎర్రగానే వస్తాయి. మానని పుండులో న్యూట్రోఫిల్స్ కుప్పలుతెప్పలుగా ఉంటాయి కాబట్టి ఈ ప్రాజెక్టుకి అది పనికిరాదని పక్కన పెట్టేశాం.

పేగు మీద ఇలాంటి పని చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: ఫార్మలిన్‌లో ఉంచిన పేగు లోపలి పొరలో మాస్ట్ సెల్స్ ఈ రంగులకి సరిగ్గా పట్టుబడవు, కార్నాయ్ ద్రావణంలో ఫిక్స్ చేస్తే మెరుగు. చర్మంలో ఆ బాధ అంతగా లేదు.

మార్చి

లెక్కపెట్టడం మొదలైంది. గాయాన్ని మూడు భాగాలు చేసుకున్నాను: చచ్చిపోయిన కణజాలం పక్కనే ఉండే అంచు, దాని వెనక వాచిన భాగం, దూరంగా ఉన్న మామూలు చర్మం. నేను ఊహించింది అంచులో ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ అని. కనపడింది తలకిందులు. చాలా స్లైడ్లలో అంచు దాదాపు ఖాళీ, వాచిన భాగంలో ఓ మోస్తరు, మామూలు చర్మంలో ఎప్పటిలాగే.

ఎక్సెల్ షీట్ పట్టుకెళ్లి మేడమ్‌కి చూపిస్తే ఆవిడ అంకెలు చూడనే లేదు. "అంచులో లేవా, ఉండీ నీకు కనపడట్లేదా?" అని ఒకే ప్రశ్న. టొలుయిడిన్ బ్లూ రంగు వేసేది కణానికి కాదు, గ్రాన్యూల్‌లోని హెపారిన్‌కి. గ్రాన్యూల్స్ అన్నీ వదిలేసిన మాస్ట్ సెల్ ఆ స్టెయిన్‌కి ఫైబ్రోబ్లాస్ట్ (కొలాజెన్ తయారుచేసే మామూలు కణం) పక్కన ఇంకో ఫైబ్రోబ్లాస్ట్‌లా కనిపించి ఊరుకుంటుంది. అంటే పని ఎక్కువగా జరిగిన చోటే లెక్క తక్కువ రావచ్చు. ఈ చిక్కు పుస్తకాల్లో ఉన్నదే, అయినా షీట్‌లో వరసగా సున్నాలు చూస్తే తప్ప దాని బరువు తెలియదు. ఇప్పటినుంచి ప్రాజెక్టు ప్రశ్న "ఎన్ని ఉన్నాయి" అని కాదు, "ఎంజైమ్ ఎక్కడ ఉంది" అని.

అసలు ఎంజైమ్ బయటపడితే ఏమవుతుందో కూడా ఇక్కడే రాసుకుంటాను. ట్రిప్టేజ్ నాలుగు భాగాలు కలిసిన గుండ్రటి అణువు, గారెకి చిల్లున్నట్టు మధ్యలో ఇరుకైన ఖాళీ, కోసే చోట్లు నాలుగూ ఆ చిల్లు లోపలికి తిరిగి ఉంటాయి. 1998లో దీని స్ఫటిక నిర్మాణం వచ్చాక అప్పటిదాకా ఉన్న ఒక పజిల్ విడిపోయింది. రక్తంలో ప్రోటియేజ్‌లని (ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌లని) అణచడానికి ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లాంటి పెద్ద పెద్ద అణువులు తిరుగుతుంటాయి కదా, అవి ఆ చిల్లులోకి దూరలేవు. అందుకే ట్రిప్టేజ్‌కి మన ఒంట్లో చెప్పుకోదగ్గ అడ్డు లేదు. ఇది కణాల మీదుండే పార్-2 అనే రిసెప్టర్ (సంకేతం అందుకునే ప్రోటీన్) కొసని కోస్తుంది, కోయగా మిగిలిన కొత్త కొస వెనక్కి మడుచుకుని అదే రిసెప్టర్‌ని ఆన్ చేస్తుంది. రక్తనాళాల గోడ మీద అది జరిగితే నీరు ఊరుతుంది, తెల్లకణాలు వచ్చి చేరతాయి. ఫైబ్రోబ్లాస్ట్ మీద జరిగితే మచ్చ కట్టే పని మొదలవుతుంది. ఫైబ్రినోజెన్‌ని కూడా కోస్తుంది కాబట్టి ఆ చుట్టుపక్కల రక్తం గడ్డ కట్టడం మందగిస్తుంది.

కైమేజ్ దారి వేరు. ఎంఎంపీలు అనే ఎంజైమ్‌లు నిద్రాణ రూపంలో ఉంటాయి, కైమేజ్ వాటి తల కోసి లేపుతుంది, అవి లేచి కొలాజెన్‌ని తింటాయి. యాంజియోటెన్సిన్-1ని బీపీ పెంచే 2గా మారుస్తుంది, అదీ మామూలుగా ఆ పని చేసే ఏసీఈ అనే ఎంజైమ్‌తో సంబంధం లేకుండా. అంటే బీపీకి వాడే ఎనలాప్రిల్ లాంటి మాత్రలు ఈ దారిని ఆపలేవు. మనిషి గుండెలో ఈ కైమేజ్ పని 1990లో బయటపడింది. ఎలుకల్లో దీనికి సాటివచ్చే ప్రోటియేజ్‌లు 4, 5 లేకుండా చేసి చర్మం కాల్చి చూసిన పని 2010లో వచ్చింది, ఆ రెండింటిలో ఏదో ఒకటి లేని ఎలుకల్లో గాయం తక్కువ. ఆ పేపరు చదివాకే నేను కాలిన గాయాల వైపు వచ్చాను.

ఇదంతా చదివి ఈ ఎంజైమ్‌లు ఉత్త విలన్లనుకుంటే కుదరదు. కార్బాక్సీపెప్టిడేజ్ ఎ3 పాము విషంలోని సారాఫోటాక్సిన్ అనే పదార్థాన్ని ముక్కలు చేస్తుంది, మాస్ట్ సెల్స్ లేని ఎలుకలు పాము విషానికీ తేనెటీగ విషానికీ తొందరగా పడిపోతాయని 2006లో చూపించారు. పొలం పనుల్లో పాము కాటు కేసులు రోజూ చూసే ఊళ్లో ఉండి ఈ సంగతి తెలుసుకోవడం భలే అనిపించింది. అలాగని ఆ ఎలుకల ఫలితం చూసి నాటు వైద్యుడి దగ్గరికెళ్తే ఆయుష్షు తీరినట్టే, పాము కాటుకి యాంటీవెనమ్ తప్ప వేరే దారి లేదు.

మార్చి చివర, ల్యాబ్ బయటి గొడవ

ప్రాజెక్టుకి నేరుగా సంబంధం లేదుగానీ రాయకుండా ఉండలేను. విజయవాడలో పనిచేసే ఫ్రెండ్ ఫోన్ చేసింది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ తర్వాత బీపీ పడిపోయిన పేషెంట్, కోలుకున్నాడు, మర్నాడు మధ్యాహ్నం రక్తం తీసి సీరమ్ ట్రిప్టేజ్‌కి పంపారు, నార్మల్ వచ్చింది, కాబట్టి అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ) కాదని షీట్ మీద రాసేశారట. ఏం చెప్పాలి? రక్తంలో ట్రిప్టేజ్ ఒకటి రెండు గంటల్లో పైకెక్కి, సుమారు రెండు గంటల అర్ధాయువుతో దిగిపోతుంది. రియాక్షన్ మొదలైన నాలుగు గంటల లోపు ఒక సాంపిల్, పూర్తిగా తగ్గి కనీసం 24 గంటలు గడిచాక ఇంకొకటి తీసి రెండూ పోల్చాలి. లెక్క కూడా సులువే: తర్వాత తీసిన బేస్‌లైన్‌ని 1.2తో గుణించి 2 కలపాలి, మొదటి సాంపిల్ దానికి సమానంగా గానీ అంతకంటే ఎక్కువగా గానీ ఉంటే మాస్ట్ సెల్స్ పేలినట్టే. బేస్‌లైన్ 5 (మి.లీ.కి నానోగ్రాముల్లో) అనుకోండి, గీత 8 దగ్గర పడుతుంది. అప్పుడు 9 వచ్చినా అర్థవంతమే, ల్యాబ్ రిపోర్టు మాత్రం 11.4 దాకా నార్మల్ అని చూపిస్తుంది. ఆ ఫ్రెండ్‌కి ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను, వాళ్ల క్యాజువాలిటీ గోడ మీద అంటిస్తానంది.

ఏప్రిల్

ట్రిప్టేజ్ యాంటీబాడీ హైదరాబాద్ నుంచి ఐస్ ప్యాకుల్లో వచ్చింది. కొరియర్ వాళ్లు అరండల్‌పేట దాకా వచ్చి ఫోన్ చేస్తే, ఎండలో పెట్టె ఎక్కడ నిలబెడతారో అన్న టెన్షన్‌తో నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

ఇమ్యునో స్టెయిన్‌కి (యాంటీబాడీతో ప్రోటీన్‌ని గుర్తించి రంగు వేయడానికి) ముందు యాంటిజెన్ రిట్రీవల్ ఉంటుంది, అంటే ఫార్మలిన్ బిగించేసిన ప్రోటీన్‌ని మళ్లీ యాంటీబాడీకి అందేలా విప్పడం. ఆటోమేటిక్ మెషీన్లు పెద్ద సెంటర్లలో ఉంటాయి. మా దగ్గర ఇండక్షన్ స్టవ్, స్టీలు ప్రెషర్ కుక్కర్, అందులో పీహెచ్ 6 సిట్రేట్ బఫర్. స్లైడ్లకి పాలీ-ఎల్-లైసీన్ పూత ఉండాలి, మామూలు స్లైడైతే కుక్కర్‌లోంచి తీసేసరికి సెక్షన్ బఫర్‌లో తేలుతూ ఉంటుంది. విజిల్ వచ్చిన ప్రతిసారీ పక్క రూములోంచి ఎవరో ఒకరు "పప్పు ఉడికిందా" అని అడుగుతారు, ఈ జోకు పాతబడే సూచనలేం కనపడట్లేదు. ఓసారి మధ్యలో కరెంటు పోయింది, కుక్కర్ చల్లబడింది, ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ.

ఫలితం చూశాక మాత్రం కుక్కర్ మీద గౌరవం పెరిగింది. మామూలు చర్మంలో ట్రిప్టేజ్‌ని చూపించే బ్రౌన్ రంగు కణం గీత లోపలే, అంచు తెగినట్టు స్పష్టంగా ఉంది. అదే గాయం అంచులో, టొలుయిడిన్ బ్లూ ఖాళీ అని చెప్పిన చోట, బ్రౌన్ ఉంది! కణంలో కాస్త, కణం చుట్టూ కొలాజెన్ పోగుల మధ్య చిందినట్టు చుక్కలు, వాటి చుట్టూ పలచటి మసక. ఒకచోట చిన్న రక్తనాళం గోడ వెంట ఆ చుక్కలు వరసగా ఉన్నాయి, ఆ నాళం చుట్టూ కణజాలం నీరుపట్టి పోగులు విడిపోయి ఉన్నాయి. పక్క పక్క సెక్షన్లే, నాలుగు మైక్రాన్ల తేడా, ఒకదాంట్లో ఏమీ లేదు, రెండోదాంట్లో నేల నిండా ట్రిప్టేజ్. బాబాయ్ గారు రెండు స్లైడ్లూ మార్చి మార్చి చూసి "మసక అంటే కడగడం చాల్లేదేమో, నెగటివ్ కంట్రోల్ చూపించు" అన్నారు. ప్రైమరీ యాంటీబాడీ వేయని స్లైడు పెట్టాం, శుభ్రంగా ఉంది. అప్పుడు ఒప్పుకున్నారు.

దీంతో షీట్‌లో ఒక్క కాలమ్ కాస్తా మూడైంది: నిండుగా ఉన్న కణాలు, గ్రాన్యూల్స్ వదిలినవి, కణం బయట పడ్డ ఎంజైమ్. మూడోదాన్ని లెక్కపెట్టడం కుదరదు కాబట్టి 0 నుంచి 3 దాకా గ్రేడు. నేనొకసారి, మేడమ్ ఒకసారి, ఏ స్లైడు ఎవరిదో తెలియకుండా.

మిర్చి యార్డు సీజన్ మంచి ఊపులో ఉంది, చిలకలూరిపేట రోడ్డు మీద ఆటోలో వెళ్తుంటే కళ్లు మండి ముక్కు కారుతుంది. ఇదీ మాస్ట్ సెల్స్‌కి దూరం కాదు. కాప్సైసిన్ నేరుగా పట్టేది నరాల కొసల్లో మంటని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్‌ని. ఆ కొసలు సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడ్ విడుదల చేస్తాయి, అది పక్కనే ఉన్న మాస్ట్ సెల్ మీది ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే రిసెప్టర్‌ని తట్టి గ్రాన్యూల్స్ విడిపించగలదు, అలా వచ్చిన ట్రిప్టేజ్ మళ్లీ నరం కొస మీది పార్-2ని కోసి ఇంకాస్త సబ్‌స్టెన్స్ పి రప్పిస్తుంది. నరం, మాస్ట్ సెల్ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఐజీఈ (ఎలర్జీ యాంటీబాడీ) ప్రమేయం లేకుండా కొందరిలో దద్దుర్లు తెప్పించడానికి కూడా ఇదే రిసెప్టర్ దారి చూపిస్తుందని 2015లో తేలింది. నా స్లైడ్లలో నరాల పక్కన చిందిన ట్రిప్టేజ్ ప్రత్యేకంగా గుర్తుపెట్టడం అప్పట్నుంచే మొదలుపెట్టాను.

మే

స్లైడు మీద ఎంజైమ్ ఉందని తెలిసింది, సరే, అది పనిచేస్తోందా? యాంటీబాడీకి బతికున్న ఎంజైమ్, చచ్చిన ఎంజైమ్ తేడా తెలియదు. దానికి తాజా కణజాలం కావాలి. పేషెంట్ల అనుమతితో, డిబ్రైడ్‌మెంట్‌లో (చచ్చిన కణజాలం తొలగించే ఆపరేషన్‌లో) తీసిన ముక్కని సగం ఫార్మలిన్‌లో, సగం మైనస్ 80 ఫ్రీజర్‌లో పెడుతూ వచ్చాం. రంగు ఎంత వచ్చిందో కొలిచే ప్లేట్ రీడర్ మా దగ్గర లేదు, ఊరి చివరున్న ఫార్మసీ కాలేజీలో పనిచేసే అక్క దగ్గర ఉంది.

ముక్కని ఐస్ మీద నూరి ముందు తక్కువ ఉప్పు బఫర్‌తో కడగాలి, దాంతో రక్తం, అల్బుమిన్ లాంటివన్నీ పోతాయి. ట్రిప్టేజ్, కైమేజ్ రెండూ హెపారిన్‌ని పట్టుకుని అడుగునే ఉంటాయి. తర్వాత 2 మోలార్ ఉప్పు వేస్తే అప్పుడు వదిలి ద్రావణంలోకి వస్తాయి. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ కోయడానికి మేమిచ్చే పదార్థం) టోసిల్-గ్లైసిన్-ప్రోలిన్-లైసీన్ చివర పారానైట్రోఅనిలైడ్ తగిలించింది. ఎంజైమ్ దాన్ని కోస్తే పసుపు రంగు విడుదలవుతుంది, 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం.

కానీ ఈ సబ్‌స్ట్రేట్‌ని కోసేవి ఇంకా ఉన్నాయి, ప్లాస్మిన్, ప్లాస్మా కల్లిక్రీన్ వగైరా. అక్కడ సోయాచిక్కుడు ట్రిప్సిన్ ఇన్హిబిటర్ (ఎంజైమ్ పనిని ఆపే పదార్థం) ఆదుకుంటుంది. అది వాటిని నొక్కేస్తుంది, ట్రిప్టేజ్‌ని మాత్రం ముట్టుకోదు, చిల్లులోకి దూరలేని సమస్యే దానికీ. అది వేశాక కూడా పసుపు వస్తోందంటే చాలావరకు ట్రిప్టేజే. చిన్న అణువైన ల్యూపెప్టిన్ వేస్తే ఆ పసుపు ఆగాలి. ఆగింది.

హెపారిన్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంది. కొన్న ట్రిప్టేజ్ స్టాండర్డ్‌ని ప్లేట్ మీది చిన్న గుంటల్లో, హెపారిన్ వేసినదాంట్లో, వేయనిదాంట్లో పక్కపక్కన పెట్టాం. వేసినదాంట్లో గ్రాఫు మీద పసుపు గీత నిటారుగా పైకి పోతూనే ఉంది, వేయనిదాంట్లో మొదట లేచి, వంగి, బల్లపరుపైపోయింది. హెపారిన్ లేకపోతే ఆ నాలుగు భాగాలూ విడిపోయి పనికిరాకుండా పోతాయి, 37 డిగ్రీల్లో మరీ త్వరగా. (ఆ రోజు ఆ రూములో ఏసీ పనిచేయట్లేదు, ఇంక్యుబేటర్ వేసినా వేయకపోయినా ఒకటే.) గాయం నుంచి తీసిన ద్రావణంలో మాత్రం హెపారిన్ వేసినా వేయకపోయినా తేడా స్వల్పమే, దానిదది వెంట తెచ్చుకున్నట్టుంది. చర్మంలో పడ్డ ఎంజైమ్ ఎందుకంతసేపు నిలుస్తుందో నాకు ఆ రెండు గీతల్లోనే అర్థమైంది.

ఇక అసలు పోలిక. టొలుయిడిన్ బ్లూలో అంచు ఖాళీగా వచ్చిన ముక్కల్లో, అదే ముక్క రెండో సగం నుంచి తీసిన ద్రావణం పసుపెక్కింది. అన్నింట్లో కాదు. పాత షుగర్ పుండ్లలో కొన్నింటికి స్టెయినూ లేదు, పసుపూ లేదు, అక్కడ మాస్ట్ సెల్స్ నిజంగానే లేకపోవచ్చు. కాలిన గాయాల్లో, తొందరగా ఆపరేషన్‌కి వచ్చినవాటిలో, అంచు ద్రావణం బాగా పనిచేస్తోంది. సాంపిల్స్ తక్కువ కాబట్టి దీన్ని ఇప్పుడే గ్రాఫుగా ఎవరికీ చూపించట్లేదు.

జూన్‌కి మిగిలినవి

కైమేజ్ సగం అలాగే ఉంది. దాని సబ్‌స్ట్రేట్ వేరు, చివర ఫినైల్అలనిన్ ఉండేది, పైగా న్యూట్రోఫిల్స్‌లోని కెథెప్సిన్ జి కూడా దాన్ని కోస్తుంది, కాబట్టి వేరుచేసే ఇన్హిబిటర్ లేకుండా ఆ అంకెలకి విలువ లేదు. యాంటీబాడీ ఆర్డర్ పెట్టాం, పర్చేజ్ ఫైలు ఏ టేబుల్ మీద ఉందో కనుక్కునే పని బాబాయ్ గారు తీసుకున్నారు. అది వస్తే అవే బ్లాకుల్లో పక్క సెక్షన్లు కోసి, పిక్రోసిరియస్ రెడ్‌తో కొలాజెన్ కూడా చూసి, కైమేజ్ చిందిన చోట పోగులు పలచబడ్డాయో లేదో చూస్తాను. ఆగస్టు దాటితే మాత్రం ట్రిప్టేజ్ వరకే థీసిస్ రాసేసి, కైమేజ్ బ్లాకుల జాబితా జూనియర్‌కి అప్పగిస్తాను.